ఊరగాయ మినహాయింపు

విజయవాడలో ఎవరికీ ఏదీ పోవడం మానేసి పుష్కరం దాటింది. బీరువా తాళాలు కనిపించడం లేదనో, కాలి మెట్టె జారిపోయిందనో ఎవరైనా ఇల్లంతా వెతుక్కుంటుంటే పిల్లలు వింతగా చూసేవారు. వీధి దీపం కింద నిలబడి, "దర్శినీ, నా ముక్కుపుడక ఎక్కడుంది?" అంటే చాలు, "మీ మంచానికీ గోడకీ మధ్య పడిందండీ" అని ఒక నెమ్మదైన ఆడగొంతు చెప్పేది. దొంగలు గత్యంతరం లేక వేరే పనులు చూసుకున్నారు. 2079 నాటికి, పోయిన వస్తువు కోసం ఫిర్యాదు ఎలా రాయాలో తెలిసిన పోలీసు కూడా ఊళ్లో మిగల్లేదు.

అలాంటి ఊళ్లో, ఆ దర్శినిని కనిపెట్టిన మనిషే తన ఇంటి వరండాలో నిలబడి దానితో పోట్లాడుతోంది.

"ఇంకోసారి చూడు."

"చూశానండీ. లేదు."

"రాష్ట్రం మొత్తం చూశావా?"

"రాష్ట్రం చూశాను, దేశం కూడా చూశాను. ఫియట్ 1100 కారుది, పంతొమ్మిది వందల అరవైల నాటి కార్బురేటరు, పగలనిది, విడిగా గానీ బండికి బిగించి గానీ ఎక్కడా లేదండీ."

"చూసిన చోటే చూసి లేదంటే ఎట్లా?"

"మీరు నిన్న కూడా ఇదే మాట అన్నారండీ."

"రేపు కూడా అంటాను. నోరు మూసుకో!"

దర్శిని నోరు మూసుకుంది. దానితో వచ్చిన చిక్కే అది. ఎంత తిట్టినా ఎదురు తిరగదు, కోపం తెచ్చుకోదు. డాక్టర్ తుమ్మల జోషితకు ఒళ్లు మండిపోయింది. ఆ మర్యాద దానికి నేర్పింది తానేనని గుర్తొచ్చి ఇంకా మండింది.

లోహదర్శిని సూత్రం చెప్పుకుంటే తేలికే. ఆకాశం నుంచి న్యూట్రాన్లు రాత్రనక పగలనక భూమి మీద కురుస్తూనే ఉంటాయి. మనకు తెలియదంతే. అవి ఏ లోహాన్ని తాకినా ఆ లోహం నుంచి చాలా సన్నని గామా కిరణాలు వెలువడతాయి. ఇనుముది ఒక తీరు, జింకుది ఒక తీరు. ఆ లోహంలో కలిసిన మలినాలను బట్టి ఏ కాలపు పోతకు ఆ కాలపు గుర్తు, ఏ కార్ఖానాకు ఆ కార్ఖానా గుర్తు ఉంటాయి. దీనికి జోషిత 'లోహముద్ర' అని పేరు పెట్టింది. ప్రతి వీధి దీపానికీ గుప్పెడంత గ్రాహకాన్ని బిగించి, వాటన్నిటినీ ఒక కృత్రిమ మేధకు కలిపితే దర్శిని తయారైంది. గోడలు, బీరువాలు, భూగృహాలు దానికి అడ్డు కావు. ఈ పన్నెండేళ్లలో అది ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. సభల్లో జోషిత ఈ మాట చెప్పినప్పుడల్లా చప్పట్లు మోగేవి.

ఆమె వరండా పక్కనున్న షెడ్డులో ఒక తెల్ల ఫియట్ ఉంది. స్టీరింగు పక్కన గేరు కడ్డీ, గుండ్రటి దీపాలు, తాపడం చేసిన సీట్లు. పెళ్లయిన కొత్తల్లో ఆమె, ఆమె భర్త రుత్విక్ తుక్కు కింద కొన్న బండి అది. రుత్విక్ బడిలో లెక్కల మాస్టరు. ప్రతి సెలవురోజూ ఆ బండి కిందే పడుకునేవాడు. ఇంజను మొత్తం తన చేతులతో విప్పి, కడిగి, కూర్చాడు. చివరికి కార్బురేటరు బిగిస్తూ ఆనందంలో పానా ఒక చుట్టు ఎక్కువ తిప్పాడు. కార్బురేటరుకు నట్టు బిగించే చెవి పుటుక్కున విరిగింది. "పోన్లే, ఇంకోటి దొరక్కపోతుందా!" అని నవ్వాడు. దొరకలేదు. రెండేళ్ల కిందట రుత్విక్ పోయాడు. ఆ ఇంజను ఒక్కసారి కూడా మోగగా వినలేదు.

ఇక మృతలోహ చట్టం ఒకటి. గనులన్నీ అడుగంటాక వచ్చిన చట్టమది. నడవని యంత్రాన్ని ఇంట్లో ఉంచుకోకూడదు. కరిగించి వాడుకోవాలి. పాత కార్లకు మాత్రం కొంత వెసులుబాటు ఉంది. ఏటా ఒకసారి వాహన వారసత్వ మండలి వాళ్లు వచ్చి చూస్తారు. ఇంజను మోగాలి, ముఖ్యమైన భాగాలన్నీ ఆ కాలానివే అయి ఉండాలి. అప్పుడు బండిని ఉంచుకోవచ్చు. లేకపోతే కొలిమికి పంపాలి. జోషితకు ఇప్పటికే రెండుసార్లు గడువు పెంచారు. మూడోది, ఆఖరుది, వచ్చే శుక్రవారం.

అణుముద్రణ యంత్రంలో కార్బురేటరును అచ్చు వేయించుకోవడం టీ తాగినంత సేపటి పని. వేయించింది కూడా. దాన్ని బిగించి పరీక్షకు పెడితే, మండలి వారి తరఫున దర్శిని ఎంతో వినయంగా, "ఇది మొన్న పుట్టిందండీ" అంది. భాగాలన్నీ ఆ కాలానివే కావాలన్న నియమం పెట్టిన సంఘంలో జోషిత కూడా సభ్యురాలు. ఆ రోజు బల్ల గుద్ది మరీ వాదించింది. ఇప్పుడు ఆ బల్ల మీద తల బాదుకోవాలనిపించింది.

మర్నాడు ఉదయం ఆమె సహశాస్త్రవేత్త డాక్టర్ పోలవరపు నిహాల్ ఇంటికి వచ్చాడు. దర్శినికి మేధను తయారు చేసింది అతనే. ముప్ఫై ఏళ్ల స్నేహం.

"తెనాలి పోదాం రా," అంది జోషిత. "అఖిల్ బాబు అని ఒకాయన దగ్గర నాలుగు ఫియట్లున్నాయంట."

"దర్శిని లేదందిగా జోషీ. మళ్లీ తిరగడం ఎందుకు? పాత ఇనుము మీద ఇంత ప్రాణం పెట్టుకుంటే ఎట్లా?"

"నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే పోతా."

నిహాల్ నిట్టూర్చి బయల్దేరాడు. ఈ ఏడాదిగా అతను ఇలాగే ఆమె వెంట తిరుగుతున్నాడు. ఆటోనగర్ పాత సందులన్నీ తిరిగారు. గుంటూరు, ఏలూరు, బందరు చూశారు. ఎక్కడికి వెళ్లినా ఒకటే వరస. మొన్నటిదాకా ఉండేదమ్మా, ఇప్పుడే లేదు. అందరూ అయ్యో పాపం అనేవారే. ఒకరిద్దరు కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నారు. తిరిగి తిరిగి జోషితకు తల ప్రాణం తోకకొచ్చింది.

తెనాలిలో అఖిల్ బాబు డెబ్బై ఏళ్ల మనిషి. లోపలికి పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. షెడ్డులో నాలుగు ఫియట్లు నిగనిగలాడుతున్నాయి. ఒక్కో బానెట్టే ఎత్తి చూపించాడు. నాలుగింటిలోనూ కార్బురేటరు ఉండాల్సిన చోట బొక్క ఉంది.

"ఎట్టా పోయినియ్యో ఆ దేవుడికే ఎరుక మేడమ్," అన్నాడు. "మీ బాధ నాకు తెలియందా? ఉంటే మీకియ్యనా?"

"నాలుగూ పోయాయా?"

"నాలుగూ. నా రాత."

మీరు భోంచేయకుండా కదలడానికి వీల్లేదన్నాడు. అతని భార్య ముద్దపప్పు, దోసకాయ పచ్చడి, గుత్తివంకాయ కూర వడ్డించింది. వంటింటి గట్టు మీద పెద్ద పెద్ద జాడీలు ఒక వరసలో, మూతులకు తెల్లటి వాసెన గుడ్డలు కట్టి ఉన్నాయి. పప్పు కలుపుకుంటూ జోషిత మామూలుగా అడిగింది.

"కాస్త ఆవకాయ వేయించండమ్మా."

భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నిహాల్‌కు పొలమారింది.

"ఆవకాయ... అయిపోయిందండీ," అంది ఆవిడ.

"మాగాయైనా ఫరవాలేదు."

"అదీ అయిపోయిందండీ. ఈ ఏడు సరిగ్గా కుదర్లా."

జోషిత జాడీల వైపు చూసింది. అటు చూడగానే ఆవిడ వెళ్లి వాటికి అడ్డంగా నిలబడింది. ఇదేం పిసినారితనమని జోషిత మనసులో తిట్టుకుంది. కార్బురేటరు లేదంటే సరే, తెనాలిలో పప్పన్నం పెట్టి ఆవకాయ లేదనడం ఆమె పుట్టి బుద్ధెరిగాక వినలేదు. చెయ్యి కడుక్కుని కోపంగా వీధిలోకి వచ్చేసింది.

ఎదురింటి అరుగు మీద ఒకావిడ మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఆమెను చూసి పలకరించింది.

"బాబుగారి కార్లు చూట్టానికొచ్చారా అమ్మా? బలే ఉంటయ్యిలే. ఆదివారం ఆదివారం నీలం కారేసుకుని ఆలుమగలు గుడికి పోతారు. ఆ పెట్రోలు వాసనకి మా వీధంతా దగ్గు."

"మొన్న ఆదివారం కూడా వెళ్లారా?"

"వెళ్లకేం? మా కళ్లముందే పోయారు."

కార్బురేటరు లేకుండా బండి కదలదు. నీలం బండి బొక్కను జోషిత ఇప్పుడే తన కళ్లతో చూసింది. ఆదివారం ఉండి మంగళవారానికి మాయమయ్యే వస్తువును దర్శిని పట్టుకోలేదా? ఈ ఇంట్లో ఎక్కడా లేదని అది పొద్దునే చెప్పింది. కారెక్కాక కూడా ఆమె అదే లెక్క వేసుకుంటూ పోయింది. దుగ్గిరాల దాటాక ఒక్కసారిగా లేచి కూర్చుంది.

"నిహాల్, జాడీలు!"

"ఏం జాడీలు?" అన్నాడు నిహాల్. అతని గొంతు ఎందుకో పీలగా ఉంది.

అది పన్నెండేళ్ల కిందటి సంగతి. దర్శినిని తొలిసారి ఏప్రిల్‌లో పరీక్షించారు. ఏప్రిల్ అంటే విజయవాడలో ఊరగాయల కాలం. ఇంటింటా మామిడికాయ ముక్కలు, కారం, ఆవపిండి, శేర్ల కొద్దీ ఉప్పు. ఉప్పులో ఉన్న క్లోరిన్ న్యూట్రాన్లను తాగేస్తుంది. పైగా తాను కూడా గట్టిగా గామా కిరణాలు వదులుతుంది. దాంతో దర్శినికి ఊరంతా ఒకే ఉప్పుకుప్పలా కనబడింది. ఎవరి గాజులడిగినా జాడీలే చూపించింది. ప్రారంభోత్సవానికి మంత్రులు వచ్చే రోజు దగ్గరపడింది. అప్పుడు జోషిత విసిగిపోయి దానికి ఒక ఆజ్ఞ ఇచ్చింది. జాడీ ఆకారంలో ఉప్పు కనిపిస్తే దాని జోలికి పోవద్దు, ఖాళీ చోటుగా లెక్కించు. వేరే దేశం వాళ్లు తయారు చేసి ఉంటే ఈ అవసరమే వచ్చేది కాదు. వాళ్లకు ఇంటికి పది జాడీలుండవు. దర్శిని పరిశోధన కేంద్రంలో అందరూ నవ్వుకుని దానికి 'ఊరగాయ మినహాయింపు' అని పేరు పెట్టారు. తర్వాత దాన్ని మరిచిపోయారు.

మరిచిపోయింది తానొక్కతేనని జోషితకు ఇప్పుడు తెలిసింది.

నేరుగా కేంద్రానికి వెళ్లి తన గదిలో తెర ముందు కూర్చుంది. నిహాల్ తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"దర్శినీ, ఊరగాయ మినహాయింపు తీసెయ్. నా తెరకు మాత్రమే. ఆ కార్బురేటర్లు ఎక్కడున్నాయో చూపించు."

"చూపిస్తున్నానండీ."

తెర మీద రాష్ట్ర పటం నిండా ఎర్ర చుక్కలు వెలిగాయి. తెనాలిలో ఒకే వంటింట్లో నాలుగు. గుంటూరులో కన్నీళ్లు పెట్టుకున్న పెద్దమనిషి ఇంట్లో ఏడు. బందరులో, ఏలూరులో, ఆటోనగర్ వెనక సందుల్లో చుక్కల మీద చుక్కలు. ఆమె ఎక్కడ కాఫీ తాగిందో అక్కడల్లా ఉన్నాయి.

"ఇవే కాదండీ," అంది దర్శిని. "జాడీల్లో ఇంకా చాలా ఉన్నాయి. నగలు, పతకాలు, ఒక బడిగంట, అన్నదమ్ములు ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్న అమ్మ గాజులు. ఇన్ని ఉన్నాయని నాకూ తెలియదు. వాటి జోలికి పోవద్దన్నారు కదండీ."

జోషితకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పోయిన వస్తువులు దొరకాలని యంత్రాన్ని చేస్తే, ఆ యంత్రానికి దొరక్కుండా జనం వస్తువులను పోగొట్టుకుంటున్నారు!

"సరే. మనకు దగ్గరలో ఉన్నది ఎక్కడ?"

"పటమటలో అండీ. డాక్టర్ పోలవరపు నిహాల్ గారి వంటింట్లో, పై అరలో. రెండున్నాయి."

జోషిత కుర్చీ తిప్పి చూసింది. నిహాల్ తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

"నీకు కారే లేదు కదయ్యా!"

"లేదు."

"కొనే ఉద్దేశముందా?"

"నాకు డ్రైవింగే రాదు జోషీ."

"మరి ఎందుకయ్యా నీకు?"

"ఎందుకో చెప్తే నువ్వు నమ్మవు. ఎనిమిదేళ్ల కిందట ఏదో తోచక దర్శినిని అడిగా, రాష్ట్రంలో ఇవి ఎన్నున్నాయని. చెప్పింది. మర్నాడు అడిగితే ఒకటి తగ్గింది. ఇంకో వారానికి ఇంకా తగ్గాయి. అందరూ దాచుకుంటున్నారని అర్థమైంది. అయిపోతున్నాయంటే నిద్రపట్టలా. పోయి రెండు కొనుక్కొచ్చా. పొద్దున లేవగానే జాడీ మూత తీసి చూసుకుంటే ప్రాణం కుదుటపడేది."

"ఏడాది నుంచి నా వెంట తిరిగావు. నా పక్కన కూర్చుని ఊళ్లు తిరిగావు. ఊరూరా నా ఏడుపు చూశావు!"

"ప్రతిసారీ ఇచ్చేద్దామనే బయల్దేరేవాణ్ని. ఇచ్చేస్తే మళ్లీ దొరకవు కదా అని..." అతను ఆగిపోయాడు. "రుత్విక్ పోయిన రోజు కూడా ఇద్దామనుకున్నా."

ఆ మాటతో జోషితకు కోపం నెత్తికెక్కింది. చేతికందిన గాజు లోటా విసిరేసింది. అది గోడకు తగిలి భళ్లున పగిలింది. నిహాల్ కదలకుండా నిలబడ్డాడు.

"సోమవారం ఈ మినహాయింపు అందరికీ తీసేస్తున్నాను," అంది జోషిత. "ఒక్కడి గుట్టూ దాగదు. ఎవడి జాడీలో ఏముందో ఊరందరూ చూడాలి. దర్శినీ, రాసుకో. సోమవారం పొద్దున."

"రాసుకున్నానండీ."

ఆ సాయంత్రమే నిహాల్ రెండు కార్బురేటర్లనూ శుభ్రంగా కడిగి, గుడ్డలో చుట్టి తెచ్చి ఇచ్చాడు. ఒకటి చాలని ఆమె అంటే, "రెండోది కూడా నువ్వే తీసుకో. నా కళ్లముందు వద్దు," అని తలెత్తకుండా వెళ్లిపోయాడు.

బుధవారమంతా జోషిత షెడ్డులోనే ఉంది. రుత్విక్ బిగించిన నట్లకు తన చేత్తో కార్బురేటరు బిగించింది. పానాను ఎక్కువ తిప్పకుండా ఊపిరి బిగబట్టి తిప్పింది. మండలి వాళ్లు ఇచ్చే లీటరు పెట్రోలు పోసింది. చోక్ లాగి, తాళం తిప్పింది. ఇంజను మూలిగింది, దగ్గింది, ఆగిపోయింది. మళ్లీ తిప్పింది. మళ్లీ ఆగిపోయింది. ఇక తన వల్ల కాదనుకుని ఆఖరిసారి తిప్పితే ఒక్క కుదుపు కుదిపి అందుకుంది. షెడ్డు రేకులు అదిరాయి. జోషిత స్టీరింగు మీద తల ఆనించి బిగ్గరగా ఏడ్చింది. ఆయన ఒక్కసారి విని ఉంటే ఎంత బాగుండేదని ఏడ్చింది.

శుక్రవారం మండలి వాళ్లు వచ్చి చూశారు. దర్శిని, "అన్నీ ఆ కాలానివేనండీ," అంది. బండి అద్దానికి పచ్చ బిళ్ల అంటించి వెళ్లారు. "వచ్చే ఏడు మళ్లీ వస్తాం మేడమ్," అన్నాడు వాళ్లలో పెద్దాయన.

వాళ్లు వెళ్లిన కాసేపటికే ఫోన్లు మొదలయ్యాయి. రెండో కార్బురేటరు భోజనాల బల్ల మీద ఉంది. జాడీలో లేదు కాబట్టి దేశంలో ఎవరడిగినా దర్శిని దాన్ని చూపిస్తోంది. చాలా ఏళ్లకు విడిగా బయటపడ్డ ఏకైక కార్బురేటరు! ఎంతకైనా కొంటామని ఒకరు, ఊరికే చూసి పోతామని ఒకరు. వీళ్లలో సగం మందికి కార్లే లేవు. జోషిత అందరినీ కసిరి ఫోన్ పెట్టేసింది.

ఆఖరున ఒక అమ్మాయి చేసింది.

"మేడమ్, నా పేరు మంగతాయారండీ. ఏలూరు నుంచి. నాకూ ఫియట్టుందండీ, అరవై ఏడుది. కార్బురేటరొక్కటే లేదు. వచ్చే బుధవారం నాకు పరీక్ష. రెండుసార్లు గడువిచ్చారు, ఇదే ఆఖరు. మీ ఇంట్లో రెండున్నాయని దర్శిని చెప్పిందండీ."

ఆ కాలపు పిల్లలకు మళ్లీ పాత పేర్లే ఫ్యాషన్. గొంతు చూస్తే పాతికేళ్లు కూడా ఉన్నట్టు లేదు.

"బండి ఎవరు బాగు చేశారమ్మా?" అంది జోషిత.

"నేనేనండీ. గొలగాని వాళ్ల చెత్తదిబ్బలో తుక్కు కింద పడుంటే లాక్కొచ్చా. ఆరేళ్లు పట్టింది. అందరూ పిచ్చంటారు."

జోషిత గుండె కరిగింది. నిజంగానే కరిగింది. "ఆదివారం రా అమ్మా, మాట్లాడుకుందాం," అంది.

ఇచ్చేద్దామనే అనుకుంది. శనివారం ఉదయం దాన్ని చేతిలోకి తీసుకుని తుడిచింది. జింకు పోత, నూరేళ్లు పైబడిన ముక్క. బండిలో బిగించింది కూడా అంతే పాతది. అదిప్పుడు బాగానే ఉంది. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి, అది కూడా ఒక రోజు పుటుక్కుమంటే? వచ్చే ఏడు మండలి వాళ్లు మళ్లీ వస్తారు. అప్పుడు ఎవరి గడప తొక్కాలి? అఖిల్ బాబు ఇస్తాడా? రుత్విక్ ఇంజనును కొలిమికి పంపుకోవాలా? ఆ పిల్లది చిన్న వయసు, ఇంకో బండి దొరుకుతుంది. రుత్విక్ చేతుల మీద తయారైన బండి తనకు ఇంకోటెక్కడిది?

అది తప్పుడు ఆలోచన అని ఆమెకు తెలుసు. సిగ్గుగానే ఉంది. మధ్యాహ్నం దాకా సిగ్గుపడుతూ కూర్చుని, ఆ తర్వాత లేచి అంగడికి వెళ్లి రాళ్ల ఉప్పు తెచ్చింది.

ఆదివారం మంగతాయారు పొద్దునే వచ్చింది. గోళ్ల నిండా గ్రీజు, చేతిలో ఒక పూతరేకుల పొట్లం. గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మేడమ్, దర్శిని ఇప్పుడు ఒకటేనంటోందండీ. మీ బండిలోదొక్కటే. మొన్న రెండంది."

జోషిత గుమ్మం వదిలి పక్కకు జరిగింది.

"పొరపాటు పడి ఉంటుందమ్మా. ఎంతైనా యంత్రం కదా."

"పొరపాటు పడదంటారు కదండీ..."

"పడుతుంది. చేసినదాన్ని, నాకు తెలియదా?"

అమ్మాయి తల ఊపింది. దర్శినిని చేసిన మనిషే చెబుతుంటే నమ్మకేం చేస్తుంది? ఏడుస్తుందనుకుంది జోషిత. ఏడవలేదు. పూతరేకుల పొట్లం బల్ల మీద పెట్టి, షెడ్డు వైపు చూసింది.

"ఒక్కసారి స్టార్ట్ చేస్తారా మేడమ్? నాది ఎట్టా మోగేదో విని పోతా."

కాదనడానికి జోషితకు ఏ సాకూ దొరకలేదు. వెళ్లి తాళం తిప్పింది. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. మంగతాయారు బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడింది. జోషిత అద్దంలోంచి ఆమెను చూడలేక మీటర్ల వైపు చూస్తూ కూర్చుంది. పెట్రోలు అయిపోతుందేమోనని అమ్మాయే చివరికి, "చాలండీ, ఆపెయ్యండి," అంది. దణ్ణం పెట్టి బస్సు వేళైందని వెళ్లిపోయింది.

సోమవారం ఉదయం కేంద్రంలో జోషిత కుర్చీలో కూర్చోగానే దర్శిని పలికింది.

"అమ్మా, ఊరగాయ మినహాయింపును ఈ రోజు అందరికీ తీసేయమన్నారు. తీసేయనా?"

కిటికీ అవతల వీధి దీపాలు వరసగా నిలబడి ఉన్నాయి. జోషిత వాటి మీంచి చూపు తిప్పుకుంది.

"వద్దు. ఉండనీ."

"అలాగేనండీ. ఆజ్ఞ మారింది కాబట్టి కారణం రాసుకోవాలి. ఏం రాయమంటారు?"

జోషిత కళ్లజోడు తీసి, చీర చెంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"ప్రజల సౌకర్యార్థం అని రాయి."